నమ్మకం తగ్గి ఆయాసం రాలేదు

అనంతపురం నుంచి ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు. ఆనవాళ్లు తీసేసి సారాంశం మాత్రం ఇస్తున్నాను.

ఆమెకు 43 ఏళ్లు. ఇంట్లోనే మిషన్ పెట్టుకుని జాకెట్లు కుడతారు, చీరలకు ఫాల్ వేస్తారు. ఉబ్బసం చిన్నప్పటి నుంచీ ఉంది. వాళ్ల నాయన మృగశిర కార్తెకు హైదరాబాదు తీసుకుపోయి చేప మందు కూడా మింగించారు. పెళ్లయినప్పటి నుంచి రెండు ఇన్‌హేలర్లతో గడుస్తోంది. రోజూ ఉదయం, రాత్రి పీల్చేది ఒకటి. ఆయాసం వచ్చినప్పుడు పీల్చేది మరొకటి. 2025 జూన్‌లో, ఊరూరా యోగాంధ్ర జరుగుతున్న రోజుల్లో, కాలనీ పార్కులో మొదలైన యోగా క్లాసుకు ఆమె కూడా వెళ్లారు. నేర్పేది ఒక రిటైర్డ్ టీచరు. పైసా తీసుకోరు, అందర్నీ కన్నబిడ్డల్లా చూసుకుంటారు. రెండు నెలలయ్యేసరికి నిద్ర బాగా పట్టింది, మెట్లెక్కితే వచ్చే గస తగ్గింది, మనసు తేలికైంది. "ఊపిరిని నమ్మినవాళ్లకు మందుతో పనేముంది? రెండు పడవల మీద కాళ్లు పెట్టొద్దు" అని మేడమ్ అన్నారు. అసలే అది స్టెరాయిడ్ అని ఈమెకు లోపల భయం. దసరాకు రోజువారీ ఇన్‌హేలర్ మానేశారు. మేడమ్ ఆమెను క్లాసులో అందరి ముందూ నిలబెట్టి చప్పట్లు కొట్టించారు.

కార్తీకంలో అత్తగారి ఊరికి వెళ్లారు. చెనక్కాయ నూర్పిడి జరుగుతోంది. ఆ రాత్రి రెండు గంటలకు ఊపిరి అందలేదు. "పడుకోలేను, కూర్చోలేను, మాట రాదు. మేడమ్ చెప్పినట్టు కళ్లు మూసుకుని ఊపిరి మీదే ధ్యాస పెట్టాను. ఇంక బతకననుకున్నాను" అని రాశారు. 108లో తీసుకుపోయి ఆసుపత్రిలో చేర్చారు. నెబులైజర్ పెట్టి, ఇంజెక్షన్లు చేసి రెండు రోజులు ఉంచుకున్నారు. "యోగా గీగా అంటూ ప్రాణం మీదికి తెచ్చుకుంటావా?" అని డాక్టరు కేకలేశారు. ఆ రోజు నుంచి క్లాసు మాటెత్తితే భర్త మండిపడుతున్నారు. మేడమ్‌తో చెబితే, "నీలో ఎక్కడో సందేహం మిగిలిపోయింది తల్లీ, అందుకే తిరగబెట్టింది" అన్నారు.

ఇప్పుడామె క్లాసులో వాళ్లకు తెలియకుండా ఇన్‌హేలర్ పీలుస్తున్నారు. భర్త లేచేలోగా, ఆయనకు తెలియకుండా, మిద్దె మీద యోగా చేస్తున్నారు. "నా నమ్మకం గట్టిగా ఉండుంటే ఇది వచ్చేది కాదా? మందు మానాలా, యోగా మానాలా?" అని అడిగారు. అంతా అయ్యాక, సంతకానికి పైన, ఇంకో మాట రాశారు: "క్లాసుకొచ్చే ఒకామె నన్ను చూసి వాళ్ల తొమ్మిదేళ్ల పాపకు కూడా ఇన్‌హేలర్ మాన్పించాలనుకుంటోంది. ఆమెకు ఏం చెప్పాలో తెలియడం లేదు."

అమ్మా, ఆ చివరి మాటతోనే మొదలుపెడతాను. మిగతావన్నీ నిదానంగా ఆలోచించుకోవచ్చు. దీనికి మాత్రం ఆగే వీల్లేదు. ఇది చదివిన రోజే ఆ పాప తల్లిని కలవండి. యోగా మంచిదా చెడ్డదా అనే చర్చ వద్దు, మేడమ్ ప్రస్తావన కూడా అక్కర్లేదు. "నేను మానేశాను, కార్తీకంలో ఆసుపత్రి పాలయ్యాను, ఇప్పుడు మళ్లీ వాడుతున్నాను. డాక్టర్ని అడగకుండా పాపకు మాన్పించొద్దు" అని చెప్పండి, చాలు. చప్పట్లు కొట్టిన చోటే ఈ మాట చెప్పాలంటే ఎంత ఇబ్బందో నాకు అర్థమవుతోంది. క్లాసులో చెప్పనక్కర్లేదు, వాళ్లింటికి వెళ్లి చెప్పండి. ఆ తల్లి మిమ్మల్ని చూసి ధైర్యం తెచ్చుకుంది, కానీ ఆమెకు తెలిసింది మీ కథలో సగమే. పిల్లల ఊపిరి గొట్టాలు మనవాటి కంటే సన్నగా ఉంటాయి. కొద్దిపాటి వాపుకే మూసుకుపోతాయి. ఆమె ఒప్పుకుంటుందా లేదా అన్నది ఆమె చేతిలో ఉంది. తెలిసి కూడా చెప్పలేదే అన్న బాధ మాత్రం మీకు మిగలకూడదు.

ఇక మీ ప్రశ్న. నమ్మకం తగ్గి మీకు ఆయాసం రాలేదు. ఎందుకో కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే మీరు మోస్తున్న బరువులో సగం ఇక్కడే ఉంది.

ఉబ్బసం ఉన్నవాళ్ల ఊపిరి గొట్టాల లోపలి గోడల్లో వాపు ఉంటుంది. ఆయాసం లేని రోజుల్లో కూడా అది ఎంతో కొంత ఉండవచ్చు, పైకి తెలియదు. ఆ వాపున్న గొట్టానికి దుమ్మో, చలిగాలో, జలుబో తగిలితే చుట్టూ ఉన్న కండరం బిగుసుకుంటుంది, పిల్లికూతలు మొదలవుతాయి. రోజూ పీల్చే మందు వాపు కోసం. ఆయాసం వచ్చినప్పుడు పీల్చేది బిగుసుకున్న కండరం కోసం. ఈ రెండోది నిమిషాల్లో పని చేస్తుంది కాబట్టి అందరికీ దాని మీదే గురి. మొదటిది చేసే పని కంటికి కనబడదు. మానేసినా మర్నాడే ఏమీ కాదు, వాపు కొన్ని వారాల పాటు మెల్లగా పెరుగుతూ పోతుంది. దసరా తర్వాత మీరు బాగున్న రోజులన్నిటినీ యోగా ఖాతాలో వేశారు. అంతకుముందు ఏళ్ల తరబడి వాడిన మందు ఇచ్చిన రక్షణ కూడా అందులో ఉంది. అది అయిపోయే సమయానికి సరిగ్గా చెనక్కాయ దుమ్ములోకి వెళ్లారు. మనసులో సందేహం ఉన్నా లేకపోయినా ఆ దుమ్ముకు ఆ గొట్టాలు తట్టుకునేవి కావు.

అలాగని నమ్మకం ఉత్తిదని నేను అనను. మీ డాక్టరు కేకలేసినప్పుడు ఆ సంగతి మరిచిపోయారు. 1968లో అమెరికాలో ఉబ్బసం ఉన్న 40 మందితో ఒక పరీక్ష చేశారు. వాళ్లకు పడని పదార్థం ఇందులో ఉందని చెప్పి ఒక ఆవిరి పీల్పించారు. నిజానికి అది ఉత్త ఉప్పునీటి ఆవిరి. అయినా 19 మందికి ఊపిరి గొట్టాలు ఇరుకైనట్టు పరికరంలోనే తేలింది. వాళ్లలో 12 మందికి పూర్తిగా ఆయాసమే వచ్చేసింది. తర్వాత మందని చెప్పి అదే ఉప్పునీటిని పీల్పిస్తే ఆ ఆయాసం తగ్గింది. అంటే భయం నరాల గుండా వెళ్లి గొట్టాల కండరాన్ని నిజంగానే బిగించగలదు, ధైర్యం దాన్ని సడలించగలదు. నొప్పి విషయంలోనూ ఇలాంటిదే ఉంది. పన్ను తీయించుకున్నవాళ్లకు మందు లేని ఇంజెక్షన్ చేస్తే కొందరికి నొప్పి తగ్గింది. ఒంట్లో సహజంగా ఊరే నొప్పి నివారణ పదార్థాలను అడ్డుకునే మందు ఇచ్చేసరికి ఆ ఉపశమనం పోయింది. 1978 నాటి ఈ ప్రయోగం తర్వాత, నమ్మకంతో వచ్చే ఉపశమనం ఒట్టి భ్రమ అని కొట్టిపారేయడం కష్టమైంది.

కాబట్టి మేడమ్ చెప్పినదాంట్లో నిజం ఉంది. అది ఎంతవరకు అన్న దగ్గరే పొరపాటు జరిగింది.

ఆ హద్దు ఎక్కడుందో చూపించే పరీక్ష కూడా ఉబ్బసం మీదే జరిగింది. 2011లో బోస్టన్ డాక్టర్లు ప్రచురించారు. ఒకే మనుషులకు వేర్వేరు రోజుల్లో నాలుగు రకాలుగా చేసి చూశారు: నిజమైన ఇన్‌హేలర్, మందు లేని ఉత్తుత్తి ఇన్‌హేలర్, సూదులు గుచ్చే ఆక్యుపంక్చర్ వైద్యాన్ని ఉత్తుత్తిగా చేయడం, ఏమీ ఇవ్వకుండా కూర్చోబెట్టడం. "ఎంత మెరుగ్గా ఉంది?" అని అడిగితే నిజమైన మందుకు 50 శాతం మెరుగు అన్నారు, ఉత్తుత్తి ఇన్‌హేలర్‌కు 45 శాతం, ఉత్తుత్తి సూదులకు 46 శాతం. ఏమీ ఇవ్వని రోజు 21 శాతమే. అంటే నిజమైన మందు, ఉత్తుత్తి మందు దాదాపు సమానం. అదే మనుషుల చేత మిషన్‌లోకి ఊదించి కొలిస్తే నిజమైన మందుతో ఊపిరి 20 శాతం పెరిగింది. మిగతా మూడింటిలోనూ సుమారు 7 శాతమే, ఏమీ ఇవ్వని రోజుతో సహా.

ఈ అంకెలను మీ జీవితానికి పెట్టి చూడండి. దసరా రోజుల్లో "బాగుంది" అని మీరు అన్నది అబద్ధం కాదు, ఆత్మవంచన కాదు. మీకు నిజంగానే బాగుంది. నిద్ర, ఆందోళన, అలసట, ఊపిరి అందడం లేదన్న బాధ, వీటి మీద నమ్మకానికి, శ్వాస సాధనకు మంచి పట్టు ఉంది. గోడల్లోని వాపును తీసేసే పట్టు దానికి లేదు. మీకు ఎలా అనిపిస్తోంది అనేదీ, గొట్టాలు ఎంత తెరుచుకున్నాయి అనేదీ వేర్వేరు సంగతులు. ఒకదాన్ని చూసి రెండోదాన్ని నిర్ణయించడం వల్లే ప్రమాదం వచ్చింది.

యోగా కూడా కొలతకు నిలబడిన సాధనే. 1985లో బెంగళూరు పరిశోధకులు ఉబ్బసం ఉన్న 53 మందికి ఆసనాలు, ప్రాణాయామం, ధ్యానం నేర్పించి, వయసులోనూ జబ్బు తీవ్రతలోనూ వాళ్లకు సరిపోలిన మరో 53 మందితో పోల్చారు. యోగా చేసినవాళ్లకు ఆయాసం వచ్చే సార్లు తగ్గాయి, మందు అవసరం తగ్గింది, ఊదే బలం పెరిగింది. బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన పరిశోధన అది. తర్వాత ప్రపంచమంతటా జరిగిన 15 పరీక్షలను, 1,048 మంది ఫలితాలను 2016లో ఒకచోట చేర్చి చూశారు. యోగా వల్ల రోజువారీ జీవితం, లక్షణాలు కొంత మెరుగవుతాయని తేలింది. మందు మానేయవచ్చని మాత్రం తేలలేదు.

మేడమ్ మాట మీకు ఎక్కువగా గుచ్చుకుంది యోగా నేర్పే గురువుగా అన్నారు కాబట్టి. యోగశాస్త్రం వైపు నుంచే చూద్దాం. యోగసాధనకు అడ్డుపడేవి తొమ్మిదని యోగసూత్రాలు రాసిన పతంజలి లెక్క చెప్పాడు. ఆ వరుసలో మొట్టమొదటిది వ్యాధి. సంశయం కూడా ఉంది, కానీ అది వేరే అడ్డంకి. సంశయం వల్లే వ్యాధి వస్తుందని ఆ సూత్రంలో లేదు. ఉన్నదాన్ని మరొకలా చూసే భ్రాంతిదర్శనం కూడా అదే జాబితాలో ఉంది. సాధకుడికి జబ్బు రావడం మామూలేనని పతంజలి ఒప్పుకున్నాడు. జబ్బు చేసినవాళ్ల మీద నింద వేయలేదు. నా బాధంతా ఈ నింద గురించే. తగ్గితే నమ్మకం గొప్పతనం, తగ్గకపోతే రోగి లోపం అన్నప్పుడు రోగికి గెలుపే లేదు. పైగా "నీలో సందేహం ఉంది" అన్న మాట మనసులో పడ్డాక, ప్రతి చిన్న గసకూ "అయ్యో, మళ్లీ సందేహం వచ్చిందేమో" అని మీరు బెదురుతారు. ఆ బెదురు గొట్టాలను ఏం చేయగలదో 1968 నాటి ఆ పరీక్షలో చూశాం. మేడమ్ మంచి మనిషే, మీ మేలు కోరేవారే. ఆ మాట మాత్రం మీకు చెడు చేస్తోంది.

ఇప్పుడు మీ ముందున్న దారులు.

యోగా పూర్తిగా మానేయవచ్చు. ఇంట్లో గొడవ తగ్గుతుంది, డాక్టరూ ఏమీ అనరు. కానీ రోజంతా మిషన్ ముందు వంగి కూర్చునే మనిషికి ఒళ్లు సాగదీసుకునే గంట పోతుంది. పట్టిన నిద్ర, నలుగురిలో కలిసే వేళ, ఆయాసం రాగానే గాభరా పడకుండా నిలదొక్కుకునే అలవాటు, ఇవీ పోతాయి. మీకు మేలు చేసినదాన్ని భయంతో వదిలేస్తే ఆ వెలితి జబ్బు కంటే ఎక్కువ బాధిస్తుందేమో చూసుకోండి.

మందు మళ్లీ మానేసి నమ్మకం మీదే నడవడం రెండో దారి. దాని ఫలితం కార్తీకంలో చూశారు. ఈ ఒక్క దారిని నేను సమర్థించలేను.

మూడోది, అదే క్లాసులో ఉంటూ దాపరికం మానడం. మేడమ్‌ను విడిగా కలిసి, "మీరు నేర్పింది నాకు చాలా మేలు చేసింది మేడమ్, వదలను. మందు మాత్రం డాక్టరు చెప్పినట్టే వాడతాను. నా విషయం ఇంకెవరికీ ఉదాహరణగా చెప్పొద్దు" అనండి. ఆమె అర్థం చేసుకుంటే అంతకంటే మంచిది లేదు, క్లాసులో ఉన్న మిగతా రోగులకూ మేలు జరుగుతుంది. నొచ్చుకోనూవచ్చు, నాలుగు రోజులు ముభావంగా ఉండనూవచ్చు. మళ్లీ సందేహం మాటే ఎత్తితే, గౌరవంగా దండం పెట్టి ఆ క్లాసు మానుకోండి.

నాలుగోది, ఇంట్లోనే చేసుకోవడం. మిద్దె మీద కాకుండా, ఆయనకు తెలిసేలా. తప్పులు దిద్దేవాళ్లు ఉండరు, ఒంటరిగా చేస్తే కొన్నాళ్లకు బద్ధకం కూడా వస్తుంది. కానీ మీకు పడనివి మీరే తప్పించుకోవచ్చు. చలికాలం తెల్లవారుజామున పార్కు గాలి, దుమ్ము, మన జిల్లాలో ఎక్కడ చూసినా పెరిగే వయ్యారిభామ, మీకు ఇవేవీ మంచివి కావు. మూడోదే ముందు ప్రయత్నించండి, కుదరకపోతే నాలుగోది అని నా అభిప్రాయం. మీ ఇంటి పరిస్థితి నాకంటే మీకే బాగా తెలుసు.

ఎక్కడ చేసినా కపాలభాతి, భస్త్రిక లాంటి వేగమైనవి, ఊపిరి బిగబట్టే కుంభకం డాక్టర్ని అడిగేదాకా పక్కన పెట్టండి. వేగంగా పీల్చే పొడిగాలి ఉబ్బసం ఉన్నవాళ్ల గొట్టాలను బిగించవచ్చు. నెమ్మదిగా తీసి ఇంకా నెమ్మదిగా వదలడం, భ్రామరి, శవాసనం మీకు చాలు. ఆయాసానికి వాడే ఇన్‌హేలర్ చాప పక్కనే, అందరికీ కనబడేలా పెట్టుకోండి. బట్టలు కత్తిరించేటప్పుడు లేచే నూగుకు ముక్కుకు మాస్కు కట్టుకోండి.

మందు తగ్గించుకోవాలన్న మీ కోరికలో తప్పేమీ లేదు. దానికి పద్ధతి ఉంది. పీక్ ఫ్లో మీటర్ అని చేతిలో పట్టే చిన్న గొట్టం దొరుకుతుంది, పెద్ద ఖరీదేమీ కాదు. నిలబడి, గుండెనిండా గాలి తీసుకుని, ఒక్కసారిగా గట్టిగా ఊదాలి. మూడుసార్లు ఊది, వాటిలో పెద్ద అంకెను ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి నోటుబుక్కులో రాయండి. ఆరోగ్యంగా ఉన్న రోజుల్లో మీకు వచ్చే అత్యధిక అంకెకు 80 శాతం పైన ఉంటే ఫరవాలేదు. 80కీ 50కీ మధ్య పడితే జాగ్రత్తపడి డాక్టర్ని కలవాలి. 50 కంటే తగ్గితే ఆయాసానికి వాడేది పీల్చి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. కొన్ని నెలలు, మామూలుగా మూడు నెలల పాటు, ఉబ్బసం పూర్తిగా అదుపులో ఉంటే డాక్టర్లే మోతాదును మెట్టు మెట్టుగా దించుతారు. యోగా మీ ఊపిరిని బాగు చేస్తుంటే అది ఆ పుస్తకంలో కనబడుతుంది. స్టెరాయిడ్ భయం గురించి కూడా ఒక మాట. పీల్చే మందు మోతాదు మైక్రోగ్రాముల్లో ఉంటుంది, మింగే మాత్రలది మిల్లీగ్రాముల్లో. మిల్లీగ్రాములో వెయ్యో వంతు మైక్రోగ్రాము. పీల్చాక నోరు పుక్కిలించి ఉమ్మేస్తే నోట్లో పూత రాకుండా ఉంటుంది. నిజానికి మందు మానేసి ఆసుపత్రిలో పడితే ఎక్కించే స్టెరాయిడ్ దానికంటే చాలా ఎక్కువ.

ఆ నోటుబుక్కు తీసుకుని, ఒంట్లో బాగున్న రోజున డాక్టర్ని కలవండి. అర్ధరాత్రి ప్రాణాపాయంలో ఉన్నప్పుడు జరిగిన మాటలను బట్టి ఆయన్ను అంచనా వేయొద్దు. "యోగా చేస్తూ మందు వాడతాను, ఏవి చేయొచ్చు, ఏవి వద్దు?" అని అడగండి. వినే ఓపిక లేదనిపిస్తే ఇంకొకరి దగ్గరికి వెళ్లండి. అనంతపురం సర్వజన ఆసుపత్రిలో కూడా ఊపిరితిత్తుల డాక్టర్లు ఉన్నారు.

మీవారి సంగతి. ఆ రాత్రి మీరు మాట రాక కొట్టుకుంటుంటే చూసింది ఆయనే. ఆయన కోపం వెనుక ఉన్నది ఆ భయం. "మందు మానను" అని మీ నోటితో విని, రోజూ మందు పీల్చడం కళ్లారా చూస్తే ఆయనకు యోగా మీద పట్టింపు తగ్గుతుందని నా నమ్మకం. అంకెలు రాసే పని ఆయనకే అప్పగించండి. మిద్దె మీదికి దొంగచాటుగా వెళ్లే అవసరం పోతుంది.

ఇంకొకటి, ఇది ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి. ఆయాసం మొదలైతే ముందు ఆయాసానికి వాడే ఇన్‌హేలర్, ఆ తర్వాతే నెమ్మదిగా ఊపిరి తీసే సాధన. ఇన్‌హేలర్ పీల్చినా తెరిపి ఇవ్వకపోతే, ఒక వాక్యం పూర్తిగా మాట్లాడలేకపోతే, ఊపిరి తీసినప్పుడు పక్కటెముకల మధ్య చర్మం లోపలికి లాక్కుపోతుంటే, పెదాలు నీలంగా మారితే, కళ్లు మూసుకుని కూర్చోవద్దు. 108కి ఫోన్ చేయండి. వచ్చే కార్తీకంలో అత్తగారి ఊరికి వెళ్లేటప్పుడు రెండు ఇన్‌హేలర్లూ సంచిలో ఉన్నాయో లేదో చూసుకోండి. నూర్పిడి జరిగే కళ్లం వైపు మాత్రం వెళ్లకండి. ఆ పాప తల్లికి కూడా ఈ గుర్తులు రాసివ్వండి.